పొడి మాట

మొగులమ్మ బకెట్ వంచింది. నీళ్లు హాలు మధ్య నుంచి వాకిలి వైపు ఉరికాయి. పొరక పట్టుకుని వాటి వెంట వంగి నడిచింది.

గోడల వారన నాపరాళ్లు అరిగి మసకబారాయి. మధ్యలో మాత్రం మంచమంత వెడల్పున, గది పొడవునా, నిన్ననే పరిచినట్టు నీలంగా మెరుస్తున్నాయి. మొన్నటిదాకా అక్కడ తివాచీ ఉండేది. ఇప్పుడది రెండు చోట్ల తాడు కట్టించుకుని, మూలన గోడకు ఆని నిలబడి ఉంది. ఎరుపు మీద ఆకుపచ్చ తీగలు. ఆ తీగలు సగం దాకా అల్లుకుని మాయమవుతాయి. అక్కడ నూలంతా రాలిపోయి, కింది గోనెపట్టాలాంటి నేత బయటపడింది.

అయిదేళ్ల గ్యారంటీ ఇచ్చిన తివాచీ ఏడాది తిరగకుండానే బోడి అయింది.

"కార్పెట్‌కు గుండు గీయించినవట గదా మొగులమ్మా, ఏ దేవుని మొక్కు?" అని పాలకేంద్రం దగ్గర ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అప్పటి నుంచి తాండూరులో ఆ వాడంతా ఆమె 'గుండు కార్పెట్ మొగులమ్మ'.

ఆమె పొట్టి మనిషి. ఎడమ చేత్తోనే బకెట్లు మోసీ మోసీ ఆ భుజం కిందికి వాలిపోయింది. వేళ్ల సందుల్లో తెల్లని పగుళ్లు. ఎంత కొబ్బరినూనె రాసినా మానవు. ఇంద్రమ్మ ఇంట్లో పనికి కుదిరినప్పుడు ఆమె కొడుకు మహేందర్ స్కూలుకు పోయే పిల్లవాడు. ఇప్పుడు అతనికి బండల పాలిషింగ్ యూనిట్ ఉంది, కారు ఉంది, నుదుటి మీద నుంచి జుట్టు వెనక్కి పోయింది.

"మొగులమ్మా! అయిందా?" మహేందర్ కారు తాళం తిప్పుతూ వచ్చాడు. "ఆ కార్పెట్ దుకాణం జనార్దన్ ఏమంటున్నడో ఎరుకనా? నువ్వు ఇనుప బ్రష్‌తోని గీకినవంటున్నడు. నీ బ్రష్ పట్టుకొని రా. దాన్ని సాఫ్ చెయ్యనీకె ఏమేం వాడినవో అన్ని తే. వికారాబాద్‌ల కేసుకాడ చూపియ్యాలె."

మొగులమ్మ వంటింటి వెనక అరుగు మీద నుంచి బ్రష్, రేకు డబ్బా తీసుకుంది. వాటిని తన సంచిలో పైన పెట్టింది. కింద ఇంకొన్ని ఉన్నాయి: రెండు చీరలు, అట్ట ఊడిన బైబిలు, చనిపోయిన భర్త యోబు ఫొటో.

ఆ సంచి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

కూతురు రెబెక్క పూడూరులో బస్సులు ఆగే చోట టిఫిన్ సెంటర్ పెట్టింది. బాగా నడుస్తోంది. రోజూ ఫోను చేస్తుంది. "అవ్వా, ఇంకెన్నొద్దులు ఊడుస్తవ్? వచ్చెయ్. కౌంటర్ల కూసో, చాలు."

"కేసు తెగనీ బిడ్డా."

"కేసు నీదా?"

"పేరు నాది."

రెబెక్క ఫోను పెట్టేసింది. ఆమెకు తండ్రి గుర్తొచ్చి ఉంటాడు.

యోబు కూడా బండల్లోనే పనిచేశాడు, వేరే వాళ్ల యూనిట్‌లో. ఒకరోజు లారీకి ఎక్కిస్తుండగా పెద్ద బండ జారి ముక్కలైంది. తెగింది తాడు. అందరూ చూసింది మాత్రం చివరగా దాని మీద ఉన్న యోబు చేతుల్ని. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. అతను పని మానేసి ఇంకో యూనిట్‌కు పోతే, అతని కంటే ముందే ఆ పేరు పోయి అక్కడ కూర్చుంది. బండ పలగ్గొట్టిన యోబు. దగ్గుతో మంచాన పడ్డప్పుడూ అదే. ఆఖరికి సమాధుల దొడ్డిలో గుంత తవ్వేవాడు పార ఆపి అడిగాడు: "ఎవరు, గా బండ పలగ్గొట్టిన యోబేనా?"

ఆ రోజే మొగులమ్మ అనుకుంది, తను ఏ గడప దాటినా మంచి పేరుతోనే దాటాలని. ఈ రోజు వికారాబాద్‌లో తన పేరు తనకు దక్కితే అక్కడి నుంచి అటే పూడూరు బస్సెక్కుతుంది. దక్కకపోతే ఈ సంచి మళ్లీ ఇదే ఇంటికి వస్తుంది. చెడ్డపేరుతో పారిపోయిందని అనిపించుకోదు. ఊడుస్తూనే ఉంటుంది.

*

తివాచీని వెనక సీట్లో ఏటవాలుగా పెట్టారు. మిగిలిన జాగాలో మొగులమ్మ ఇరుక్కుంది. శవం పక్కన కూర్చున్నట్టుంది.

"కిటికీ దించుకో మొగులీ," అంది ముందు సీట్లోంచి ఇంద్రమ్మ. "కారెక్కితె నీ పేగులు నోట్లెకొస్తయి."

"బస్సయితె ఏం కాదమ్మా. గీ కారే నాకు పడది."

"నీకు పడని కార్ల నీకు పడని కార్పెట్. మంచిగ కుదిరింది."

మహేందర్ నవ్వాడు. మొగులమ్మ కూడా నవ్వబోయింది, కాని రాలేదు.

ఇంద్రమ్మ మోకాళ్లకు నాపరాయి చల్లదనం పడదు. చలికాలం పొద్దున మంచం దిగితే అరికాలు నుంచి నడుము దాకా నొప్పి పాకుతుంది. అందుకే ఆ తివాచీ. కొన్నది మహేందర్ అయినా, కేసు పెట్టించింది ఇంద్రమ్మే. గ్యారంటీ ఇచ్చి, ఏడాదికే మాట మారుస్తాడా అని. వినియోగదారుల కమిషన్ వాళ్లు ముందు రాజీకి ప్రయత్నించండని చెప్పి వికారాబాద్‌లో ఒక మధ్యవర్తి దగ్గరికి పంపారు. ఆ రాజీ ఈ రోజే.

ధారూరు దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. అనంతగిరి మలుపుల్లో కారు వంగినప్పుడల్లా తివాచీ ఆమె భుజం మీద వాలింది. ప్రతి మలుపుకూ మొగులమ్మ దాన్ని మోచేత్తో వెనక్కి నెట్టింది. అది మళ్లీ వాలింది.

నిజంగా నేనే చేసిన్నా? ఆ ప్రశ్న కూడా తివాచీలాగే ఎంత నెట్టినా మీద పడుతోంది. దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంది! చంటిపిల్లకు స్నానం చేయించినట్టు చేసింది. అయినా రోజురోజుకూ నూలు రాలింది. రాలినకొద్దీ ఇంకా శ్రద్ధగా చేసింది. ఇంకా రాలింది.

*

గది చిన్నది. పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. బల్లకు అవతల మధ్యవర్తి సింధుజ కూర్చుని ఉంది. లాయరే గాని నల్లకోటు వేసుకోలేదు. ఆమెకు కుడివైపు తాండూరు ఫర్నిషింగ్ దుకాణం జనార్దన్. గుండ్రటి మొహం, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ఎడమవైపు తల్లీ కొడుకులు. చుట్టిన తివాచీ నేల మీద. మొగులమ్మ తలుపు దగ్గర నిలబడింది, సంచి పొట్టకు ఆనించుకుని.

జనార్దన్ ముందే తయారై వచ్చాడు.

"మేడం, నేను యాపారం చేసేటోన్ని, కొట్లాడేటోన్ని కాదు. సగం వాపస్ ఇస్త. గిప్పుడే ఇస్త. ఒక్కటే ముచ్చట. కాయితం మీద రాసియ్యాలె. కార్పెట్ల ఏం లోపం లేదు, పనామె కరాబ్ చేసింది అని. అది రాయకుంటె రేపు ఊరంత నా దుకాణం మీద పడ్తది."

కాగితం కూడా రాసి తెచ్చాడు. బల్ల మీద పెట్టి మహేందర్ వైపు జరిపాడు.

మహేందర్ చదివాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"అమ్మా, సగమైన మస్తే. ఈడికి తిరిగి తిరిగి పరేషాన్ అయితున్నం. యూనిట్ల పని ఆగిపోతున్నది."

"మరి దీని సంగతి?" ఇంద్రమ్మ తలుపు వైపు చూసింది.

"మొగులమ్మకు ఏమైతదమ్మా? మనం పనిల నుంచి తీసేస్తమా? కాయితం మీద ఒక మాట. ఎవరు సదువుతరు దాన్ని?"

"నేను సదువుత సార్."

అందరూ తలలు తిప్పారు. మొగులమ్మ నేల వైపే చూస్తోంది. చెవుల దగ్గర వేడిగా ఉంది. ఆ మాట తనే అన్నదా అని ఆమెకే అనుమానం వచ్చింది.

సింధుజ చెయ్యి చాచి కాగితాన్ని తన వైపు లాక్కుంది.

"ఆమె గురించి రాసే కాయితం, ఆమెను అడగకుండ ఎట్ల రాస్తం? రామ్మా. ఇట్ల కూర్చో."

మొగులమ్మ కుర్చీ అంచున కూర్చుంది. సింధుజ బ్రష్ అడిగి తీసుకుంది. దాని కుచ్చును బొటనవేలితో అటూ ఇటూ నిమిరి, జనార్దన్ చేతిలో పెట్టింది. మెత్తగా ఉంది. పసిపిల్ల తల దువ్వొచ్చు.

"సరే, బ్రష్ మంచిదే," అన్నాడు జనార్దన్. "మరి నేను చెప్పినట్టు చేస్తె గిట్లెందుకైతది? పరిచినరోజు నేనే సొంతంగ పొయ్యి, ఈమెకే చెప్పిన. చెప్పలేదా? అడుగుండ్రి."

"చెప్పిండు మేడం," అంది మొగులమ్మ.

"ఏం చెప్పారు?" సింధుజ జనార్దన్‌ను అడిగింది.

"డ్రైక్లీనింగ్ తప్ప ఇంకేం చెయ్యొద్దన్న మేడం. డ్రై అంటె ఏందయ్యా అని అడిగింది. పాపం సదువుకోలేదు గదా అని విడమర్చి తెలుగుల చెప్పిన. డ్రై అంటె పొడి అమ్మా, దీనికి పొడి క్లీనింగే చెయ్యాలె అని! ఇంతకన్న ఎట్ల చెప్పాలె?"

"అట్లనే చేసిన," అంది మొగులమ్మ. "ఇంకేం వాడలే. పొడితోనే చేసిన."

సింధుజ పెన్ను ఆగింది.

"ఏ పొడితో?"

మొగులమ్మ సంచిలోంచి రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత గట్టిగా పట్టేసింది. కొంగుతో పట్టుకుని తిప్పింది. గుప్పున నిమ్మకాయ వాసన. జనార్దన్ గట్టిగా తుమ్మాడు. డబ్బా నిండా తెల్లగా, మధ్యలో నీలం పలుకులతో సబ్బు పొడి.

"వేరే బట్టలకు వాడేది కాదమ్మా. దీనికని మంచిది తెప్పించిన," అందామె. "వారం వారం చల్లుత. బ్రష్‌తోని రుద్ది, తడిబట్ట పెట్టి తుడుస్త."

"అవును," అంది ఇంద్రమ్మ. "ఇల్లంత మంచి వాసనొచ్చేది. నేనే మెచ్చుకునేది."

జనార్దన్ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు.

"అయ్యో తల్లీ! పొడి అంటె గా పొడి గాదే! పొడి అంటె... పొడిగ! నీళ్లు లేకుండ!"

"నీళ్లు పొయ్యలేదయ్యా. పొడే పోసిన."

"ఇగ చూడుండ్రి మేడం!" జనార్దన్ కుర్చీలోంచి లేచాడు. "ఆమె నోటితోనే ఒప్పుకున్నది! సబ్బు నూలుల ఉండిపొయ్యి, ఎండి, గీకి గీకి కొరికేసింది. రాసుకోండ్రి!"

మొగులమ్మ చేతులు ఒళ్లో పడ్డాయి. వేళ్ల సందుల్లోని తెల్లని పగుళ్ల వైపు చూసుకుంది. అయితే ఈ చేతులే. తాడు తెగలేదు, బండ దానంతట అది జారలేదు. ఈ చేతులే చేశాయి. మహేందర్ నిట్టూర్చి, ఆ కాగితం కోసం మళ్లీ చెయ్యి చాచాడు. ఇంద్రమ్మ కళ్లు మూసుకుంది.

తలుపు తోసుకుని ఆఫీసులో ఊడ్చే బీరమ్మ టీ పట్టుకొచ్చింది. ట్రే బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"బీరమ్మా, ఆగు," అంది సింధుజ. "ఒక మాట చెప్పు. ఈ సార్ నీకు ఒక కార్పెట్ అమ్మిండనుకో. దీనికి పొడి క్లీనింగే చెయ్యాలె అన్నడు. నువ్వేం చేస్తవ్?"

"మేడం, గిదేంది..." అంటూ జనార్దన్ అడ్డం రాబోయాడు. సింధుజ అరచెయ్యి చూపించింది.

బీరమ్మ జనార్దన్‌ను పైనుంచి కిందికి అనుమానంగా చూసింది.

"పొడి నేనే తెచ్చుకోవాల్నా, కార్పెట్‌తోని సారే ఇస్తడా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. తను ఏదో తక్కువ చెప్పానేమోనని బీరమ్మ ఇంకో మాట కలిపింది.

"సబ్బు పొడా, బ్లీచింగ్ పొడా? బ్లీచింగయితె రంగు పోతది సార్. ముందే చెప్తున్న. మల్ల నన్ను అనొద్దు."

మొదట నవ్వింది ఇంద్రమ్మ. పొట్ట పట్టుకుని, మోకాళ్ల మీద చరుచుకుంటూ నవ్వింది. మహేందర్ పెన్ను మూత పెట్టి నవ్వాడు. జనార్దన్ కాసేపు బిగబట్టుకున్నాడు. పెదాలు వణికాయి. చివరికి కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ అతనూ నవ్వేశాడు. ఏం జరిగిందో తెలియక బీరమ్మ ఖాళీ ట్రే కోసం నిలబడి ఉంది.

మొగులమ్మ మాత్రం నవ్వలేదు. సింధుజ మొహంలోకి చూస్తోంది.

సింధుజ టీ గ్లాసు ఒకటి తీసి ఆమె ముందు పెట్టింది. తర్వాత జనార్దన్ వైపు తిరిగింది.

"సరుకు అమ్మినవాళ్లు దాన్ని ఎట్ల వాడాలో కొన్నవాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పాలి జనార్దన్ గారూ. తప్పుగ అర్థమయ్యేటట్టు చెప్తే ఆ నష్టం చెప్పినవాళ్లది, విన్నవాళ్లది కాదు. ఆమె మీ మాట వినకపోయి ఉంటే మీ వాదన నిలబడేది. ఆమె విన్నది. అక్షరం పొల్లు పోకుండ విన్నది."

జనార్దన్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తను తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చించి జేబులో వేసుకున్నాడు.

"కొత్త కార్పెట్ ఇస్తనమ్మా," అన్నాడు ఇంద్రమ్మతో.

"వద్దు నాయినా. మల్ల పొడి గిడి అంటవు. మొత్తం పైసలు వాపస్ ఇయ్యి. కాళ్లకు ఉన్ని సాక్సులు కొనుక్కుంట."

కొత్త కాగితం రాశారు. తప్పు పనిమనిషిది కాదని, శుభ్రం చేసే పద్ధతి దుకాణం వాళ్లు సరిగా చెప్పలేదని. సంతకాలకు ముందు సింధుజ దాన్ని మొగులమ్మ ముందుకు జరిపింది. మొగులమ్మ అక్షరాల కింద వేలు పెట్టి, చర్చిలో వాక్యం చదివినట్టు పెదాలు కదుపుతూ చదివింది. ఒక చోట వేలు ఆగింది.

"మేడం, పనిమనిషి అని ఉన్నది ఈడ."

"అవును. ఏమైంది?"

"అనేటప్పుడు ఊరంత పేరు పెట్టి అన్నరు. తప్పు లేదు అనేకాడ గూడ పేరు పెట్టుండ్రి."

సింధుజ ఆ మాట కొట్టేసింది. పైన 'మొగులమ్మ' అని రాసింది. మొగులమ్మ మళ్లీ మొదటి నుంచి చదివింది. అప్పుడు టీ గ్లాసు తీసుకుంది. టీ చల్లారిపోయింది. అయినా చివరి చుక్క దాకా తాగింది.

*

బయట ఎండ ఘాటుగా ఉంది. మహేందర్, జనార్దన్ తలో కొస పట్టుకుని తివాచీని జనార్దన్ తెచ్చిన ఆటోలోకి తోశారు. మొగులమ్మ కారు వెనక తలుపు తీసి, సంచిని సీటు మీద పెట్టి సర్దుకుంది. కిందవి పైకి, బ్రష్ కిందికి. తర్వాత సంచి భుజాన వేసుకుని తలుపు మూసింది.

ఇంద్రమ్మ ఆ సంచిని చూసింది. చీర అంచు, ఫొటో మూల బయటికి కనిపిస్తున్నాయి.

"పోతున్నవా మొగులీ?"

"పూడూరుకమ్మా. రెబెక్క దగ్గరికి."

"పొద్దుగాల్నే అనుకున్నవా?"

"సగం అనుకున్న. మిగిలిన సగం ఈడ తెలిసింది."

"నా మోకాళ్లకు నూనె ఎవరు రాస్తరే?" అంది ఇంద్రమ్మ. గొంతులో కోపం లేదు.

"నువ్వే పూడూరుకు రా అమ్మా. రాస్త. ఇడ్లి గూడ పెడ్త."

ఆటో ఎక్కుతూ జనార్దన్ కేక వేశాడు. "మొగులమ్మా! పూడూర్ల కార్పెట్లు అమ్మితె నిన్నే పిలుస్త!"

"పిలువు. ముందుగాల తెలుగు నేర్చుకో!"

ఇంద్రమ్మ మళ్లీ నవ్వింది. నవ్వుతూనే మొగులమ్మ చెయ్యి పట్టుకుని, పగుళ్ల మీద బొటనవేలితో ఒకసారి నిమిరి వదిలేసింది.

పూడూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మొగులమ్మ సంచిని ఒళ్లో పెట్టుకుని ఫోను తీసింది.

"బిడ్డా, వస్తున్న."

"కేసు ఏమైందవ్వా?"

"తెగింది. నా పేరు రాసిన్రు."

"ఏమని?"

"తప్పు లేదని."

అవతల గిన్నెల చప్పుడు, ఎవరో ప్లేటు అడుగుతున్న అరుపు. "జల్ది రా," అంది రెబెక్క, ముక్కు ఎగబీలుస్తూ.

మొగులమ్మ ఫోను పెట్టేసింది. సంచిలోకి చెయ్యి పోనిచ్చి ఫొటోను తడిమింది. ఆ రోజు యోబును కూడా ఎవరైనా కుర్చీలో కూర్చోబెట్టి, ఏమైందని అడిగి ఉంటే? బస్సు కదిలింది. గాలి మొహానికి కొట్టింది. వాలిన భుజాన్ని కిటికీ ఊచకు ఆనించి, పట్టపగలు పనివేళలో నిద్రపోయింది.

సాయంత్రం ఎండలో కారు తాండూరు దారి పట్టింది. అనంతగిరి ఘాట్ రోడ్డులో మొదటి మలుపు తిరగగానే వెనక సీటు మీద ఏదో దొర్లిన చప్పుడైంది. ఇంద్రమ్మ తల తిప్పి చూసింది. మహేందర్ కారు ఆపి తీయమంటావా అని అడిగాడు. వద్దని ఆమె చెయ్యి ఊపింది. ఖాళీ సీటు మీద మొగులమ్మ వదిలేసిన, మూత గట్టిగా బిగించిన రేకు డబ్బా ప్రతి మలుపులోనూ ఈ చివరి నుంచి ఆ చివరికి దొర్లుతూనే ఉంది.